మూడు సెక్టార్ల సెల్ సైట్‌కు యాంటెన్నాలు అమర్చడం: సర్వే నుంచి డ్రైవ్ టెస్ట్ దాకా

ఫలానా కాలనీలో కాల్స్ తెగిపోతున్నాయని ఫిర్యాదు రాగానే మనలో చాలామంది ముందు తెరిచేది ల్యాప్‌టాప్. హ్యాండోవర్ (కాల్‌ను ఒక సెల్ నుంచి ఇంకోదానికి అప్పగించే) విలువలు సవరిస్తారు, పవర్ ఒక డీబీ (డెసిబెల్) పెంచి చూస్తారు, పొరుగు సెల్స్ జాబితా సరిచేస్తారు. వారం గడిచాక ఎవరో టవర్ ఎక్కితే, ప్యానెల్ (పెట్టెలాంటి యాంటెన్నా) మొహం ప్లాన్‌లో ఉన్న దిక్కుకు నలభై డిగ్రీలు పక్కకు తిరిగి ఉందని తెలుస్తుంది. యాంటెన్నా సరిగ్గా లేని చోట పారామీటర్లతో ఎంత కుస్తీ పట్టినా ఆ పని నిలవదు. అందుకే కొత్తగా ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఇంజినీరుకూ నేను ఒకే మాట చెబుతాను: యాంటెన్నా ముందు, పారామీటర్ తర్వాత.

ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఒకే ఉదాహరణ చుట్టూ తిరుగుతాయి. కూకట్‌పల్లి లాంటి కిక్కిరిసిన కాలనీ. 30 మీటర్ల ఎత్తులో యాంటెన్నా. 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 4జీ. చుట్టుపక్కల సైట్లు సుమారు 750 మీటర్ల దూరంలో ఉన్నాయి.

మూడు సెక్టార్లకు 65 డిగ్రీల ప్యానెల్ ఎందుకు?

ఆరు భుజాల సెల్స్‌గా ఊరిని పంచుకోవాలన్న ఆలోచన 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ రింగ్ రాసిన మెమోలో కనిపిస్తుంది. టవర్‌ను సెల్ నడిమధ్యన కాకుండా మూలలో నిలబెట్టి, అక్కడి నుంచి మూడు దిక్కులకు (ఒక్కో దిక్కు ఒక సెక్టార్) డైరెక్షనల్ యాంటెన్నాలు పెట్టాలని అదే సంస్థకు చెందిన ఫిలిప్ పోర్టర్ తర్వాత సూచించారు. ఇవాళ మన డాబాల మీద కనిపించే మూడు ప్యానెళ్ల అమరికకు మూలం అదే.

కొత్తవాళ్లకు ఇక్కడే ఒక సందేహం వస్తుంది. 360ని మూడుతో భాగిస్తే 120 కదా, మరి 120 డిగ్రీల యాంటెన్నా పెట్టకుండా 65 డిగ్రీలది ఎందుకు? 65 అంటే యాంటెన్నా బలం సగానికి, అంటే 3 డీబీ తగ్గే చోట కొలిచిన వెడల్పు. దాని బయట కూడా సిగ్నల్ ఉంటుంది. రెండు సెక్టార్ల సరిహద్దు, యాంటెన్నా నేరుగా చూసే మధ్యరేఖ నుంచి 60 డిగ్రీల దూరంలో ఉంటుంది. 65 డిగ్రీల ప్యానెల్ అక్కడికి వచ్చేసరికి సుమారు 10 డీబీ తగ్గుతుంది. 120 డిగ్రీలదైతే అక్కడ తగ్గేది 3 డీబీయే. అంటే పక్క సెక్టార్‌లోకి అది చాలా లోతుగా చొచ్చుకుపోతుంది. 2జీలో ఒక్కో సెల్‌కు వేరే ఫ్రీక్వెన్సీ ఇచ్చుకున్నాం కాబట్టి సర్దుకుపోయాం. 4జీ, 5జీలలో మూడు సెక్టార్లూ ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి. అలా ఒకదాంట్లోకి ఒకటి చొరబడితే ఆ మేరకు నేరుగా స్పీడే పడిపోతుంది. ఆరు సెక్టార్ల సైట్‌లకు 33 డిగ్రీల ప్యానెళ్లు వాడడానికి కారణమూ ఇదే.

మొదటి అడుగు: చోటును కళ్లారా చూడటం

మ్యాప్‌లో ఖాళీగా కనిపించిన స్థలంలో ఈపాటికి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచి ఉండొచ్చు. యాంటెన్నా పెట్టబోయే ఎత్తు నుంచి ఉత్తరంతో మొదలుపెట్టి ప్రతి 30 డిగ్రీలకు ఒకటి చొప్పున 12 ఫోటోలు తీయండి. కింద నిలబడి తీసిన ఫోటోలు పనికిరావు. ఎదురుగా ఉన్న హోర్డింగులు, నీళ్ల ట్యాంకులు, రేకుల షెడ్లు, కట్టడం సగంలో ఉన్న బిల్డింగులు అన్నీ రాసుకోండి. ముఖ్యంగా రేకుల షెడ్డు. దాని సంగతి తర్వాత చెబుతాను.

డాబా మీద పోల్ వేస్తున్నప్పుడు పిట్టగోడను మర్చిపోవద్దు. బీమ్ (యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్ ధార) కింది అంచు పిట్టగోడకు తగిలితే సిగ్నల్ అక్కడే చెదిరిపోతుంది. లెక్క తేలిక. టిల్ట్ (బీమ్ కిందికి వంగే కోణం) 6 డిగ్రీలు, నిలువు బీమ్ వెడల్పు 7 డిగ్రీలు అనుకుంటే కింది అంచు 9.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. పోల్ డాబా అంచుకు 5 మీటర్ల లోపల ఉంటే ప్యానెల్ కింది భాగం పిట్టగోడ పైన కనీసం 85 సెంటీమీటర్లు ఉండాలి. 10 మీటర్ల లోపల ఉంటే దాదాపు 1.7 మీటర్లు. వీలైతే మూడు సెక్టార్లకూ డాబా మూడు అంచుల దగ్గర మూడు పోల్స్ వేయించండి. మధ్యలో ఒకే పోల్ వేసి మూడూ దానికే బిగిస్తే ఖర్చు తగ్గుతుంది, కవరేజీ కూడా తగ్గుతుంది.

రెండో అడుగు: ప్యానెల్ ఎంపిక

డేటాషీట్‌లో ముందు చూడాల్సింది నిలువు బీమ్ వెడల్పు. ప్యానెల్ పొడుగు పెరిగే కొద్దీ ఈ బీమ్ సన్నబడుతుంది, గెయిన్ (సిగ్నల్‌ను ఒక దిక్కుకు కూడగట్టే బలం) పెరుగుతుంది. 2 మీటర్ల మల్టీబ్యాండ్ ప్యానెల్‌లో 900 దగ్గర అది సుమారు 10 డిగ్రీలు, 1800 దగ్గర 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఒకే డబ్బా, ఒకే ఎత్తు, అయినా రెండు బ్యాండ్‌లకు రెండు రకాల టిల్ట్ కావాలి. అందుకే బ్యాండ్‌కు ఒక టిల్ట్ మోటార్ ఉన్న ప్యానెళ్లనే అడగండి. మన ఉదాహరణలో 1.4 మీటర్ల ప్యానెల్ తీసుకుందాం. 1800లో నిలువు వెడల్పు 7 డిగ్రీలు, గెయిన్ సుమారు 17 డీబీఐ.

గాలి బరువు కూడా ఇక్కడే చూసుకోవాలి. ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు భారతీయ ప్రమాణం) ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అదే ప్యానెల్ మీద విశాఖలో 29 శాతం ఎక్కువ ఒత్తిడి పడుతుంది.

మూడో అడుగు: అజిముత్

అజిముత్ అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా కొలిచిన కోణం. సెక్టార్ల పేర్లు, వాటి కోణాలు అలవాటుగా ఆల్ఫా 0, బీటా 120, గామా 240. సైట్లన్నీ క్రమంగా పేర్చినట్టు ఉన్న ఊరైతే ఈ అంకెలు బాగానే పనిచేస్తాయి. మన ఊళ్లు అలా ఉండవు. కాబట్టి మ్యాప్ మీద చుట్టూ ఉన్న సైట్లను గుర్తుపెట్టి, మీ ప్రతి ప్యానెల్ మధ్యరేఖ రెండు పొరుగు సైట్ల నడుమ సందులోకి చూసేలా తిప్పండి. మధ్యరేఖ నేరుగా పొరుగు టవర్ మొహంలోకి చూస్తే ఇద్దరికీ నష్టం.

రెండు సెక్టార్ల మధ్య కోణాన్ని 90 డిగ్రీల కంటే తగ్గించవద్దు. 90 దగ్గర రెండు బీమ్‌లు కలిసే చోట బలం 6 డీబీ కూడా తగ్గదు, రెండూ సమానంగా అరుస్తుంటాయి. ఇంకో మాట, పొడవైన తిన్నని రోడ్డు వెంట మధ్యరేఖను పెట్టకండి. రెండువైపులా బిల్డింగులున్న రోడ్డు గొట్టంలా పనిచేసి సిగ్నల్‌ను కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. పది పదిహేను డిగ్రీలు పక్కకు జరిపితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

హైవే సైట్ మాత్రం ఇందుకు పూర్తిగా వేరు. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 లాంటి చోట రోడ్డే మన కస్టమర్. రెండు ప్యానెళ్లు రోడ్డు రెండు దిక్కులకూ, మూడోది దగ్గర్లోని ఊరి వైపు. ఆ రెండూ కచ్చితంగా 180 డిగ్రీల తేడాతో ఉండాలనేం లేదు, రోడ్డు ఎటు వంగితే అటు తిప్పండి.

నాలుగో అడుగు: టిల్ట్

సైట్ బతుకు మొత్తం ఇక్కడే తేలుతుంది. అందుకే ఇక్కడ నిదానంగా నడుద్దాం.

ఫోన్ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 30లోంచి అది తీసేస్తే పనికొచ్చే ఎత్తు 28.5 మీటర్లు. సైట్ల మధ్య దూరం 750 అయితే, మూడు సెక్టార్ల అమరికలో ఒక్కో సెల్ పొడుగు అందులో మూడింట రెండు వంతులు, అంటే 500 మీటర్లు. 28.5ని 500తో భాగించి, ఆ విలువకు కాలిక్యులేటర్‌లో ఆర్క్‌ట్యాన్ తీయండి. 3.3 డిగ్రీలు వస్తుంది. టవర్ నుంచి సెల్ అంచు ఆ కోణంలో కనిపిస్తుందన్నమాట.

ఇక నిర్ణయం మీది. పల్లెటూరి సైట్ అయితే, పక్కన వేరే సైట్ లేకపోతే, బీమ్ నడిమధ్యనే అంచు వైపు పెట్టండి, అంటే 3 డిగ్రీలు. కిక్కిరిసిన కాలనీలో ఆ పని చేస్తే బీమ్ పై సగం పొరుగు సెల్ మీదుగా పోతుంది. అక్కడ బీమ్ పై అంచును సెల్ అంచుకు ఆనించాలి. 3.3కి బీమ్ వెడల్పులో సగం, 3.5 కలిపితే 6.8. కాబట్టి 6 లేదా 7 డిగ్రీలతో మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు ఈ రెండు వరుసలు పోల్చి చూడండి. టిల్ట్ 6 ఉంటే బీమ్ మధ్యభాగం 270 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, పై అంచు 650 మీటర్ల దగ్గర. టిల్ట్ 4కి తగ్గిస్తే మధ్యభాగం 410 మీటర్లకు వెళ్తుంది, పై అంచు ఏకంగా 3.3 కిలోమీటర్లకు. కేవలం రెండు డిగ్రీల తేడా. అజిముత్‌లో ఐదు డిగ్రీల పొరపాటు జరిగితే మధ్యరేఖ మీద పదో వంతు డీబీ కూడా పోదు. టిల్ట్‌లో రెండు డిగ్రీలు తప్పితే నాలుగు పొరుగు సైట్లకు టెన్షన్. బిగించేటప్పుడు అందరూ దిక్సూచి పట్టుకుని అజిముత్ కోసం గంట గడుపుతారు, టిల్ట్‌ను మాత్రం కంటి అంచనాతో వదిలేస్తారు. ఈ అలవాటు మారాలని నాకు గట్టిగా ఉంది.

టిల్ట్ రెండు రకాలు. మెకానికల్ అంటే ప్యానెల్‌నే ముందుకు వంచడం. ముందు బీమ్ దిగితే వెనక లోబ్ (వెనక్కి చిమ్మే సిగ్నల్) పైకి లేస్తుంది, పక్కలకు మాత్రం ఏ మార్పూ ఉండదు. బాగా వంచితే ముందు పొట్టిగా, పక్కలకు ఉబ్బినట్టుగా బీమ్ ఆకారమే మారిపోతుంది. ఎలక్ట్రికల్ టిల్ట్‌లో ప్యానెల్ నిటారుగానే ఉంటుంది. లోపలి ఎలిమెంట్లకు వెళ్లే సిగ్నల్ ఫేజ్ మార్చి బీమ్‌ను అన్ని దిక్కులా సమానంగా దించుతారు. నా పద్ధతి ఇది: ముందు ఎలక్ట్రికల్ టిల్ట్ వాడండి, అది చాలనప్పుడే మెకానికల్‌గా రెండు మూడు డిగ్రీలు. మొత్తం టిల్ట్ అంటే ఆ రెండింటి కూడిక అని రికార్డులో విడివిడిగా రాయండి. "టిల్ట్ 6" అని ఒకే అంకె రాసి వదిలేసిన పాత షీట్లు ఎంత తిప్పలు పెడతాయో ఈ పని చేసిన అందరికీ తెలుసు.

చెరువులు, సముద్రం పక్కన అదనపు జాగ్రత్త కావాలి. హుస్సేన్ సాగర్ లాంటి నీటి మీద అడ్డేమీ ఉండదు. ఈ గట్టున ఉన్న ఎత్తైన సైట్ అవతలి గట్టు ఫోన్‌లను లాగేసుకుంటుంది. అటు చూసే సెక్టార్‌కు టిల్ట్ ఎక్కువ ఇవ్వండి. తీరంలో 2300 లాంటి టీడీడీ (ఒకే ఫ్రీక్వెన్సీలో పంపడం, అందుకోవడం వంతులవారీగా జరిగే) బ్యాండ్‌లకు డక్టింగ్ సమస్య కూడా ఉంది. గాలి పొరల్లో తేడా వల్ల వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని టవర్ డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు వెళ్లేది) మన అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కు వచ్చేది) సమయంలో వచ్చి పడుతుంది. సముద్రం మీదుగా ఊరికే చూసే ప్యానెల్ ఈ బాధను ఇంకా పెంచుతుంది.

ఐదో అడుగు: బిగించడం

పని మొదలయ్యే ముందు ఆ సెక్టార్ ప్రసారం ఆపించండి. ఆగిందని ఫోన్‌లో మాట తీసుకున్నాకే రిగ్గర్‌ను (టవర్ ఎక్కి పనిచేసే మనిషిని) ఎక్కించండి. ఫుల్ బాడీ హార్నెస్, రెండు హుక్కులు, హెల్మెట్ లేకుండా ఎవరినీ పైకి పంపవద్దు. మబ్బు పట్టి ఉరుములు వినిపిస్తే పని ఆపాల్సిందే.

ముందు పోల్ నిటారుగా ఉందో లేదో రెండు పక్కలా స్పిరిట్ లెవెల్‌తో చూడండి. పోల్ ఒక డిగ్రీ ఒరిగితే మీరు లెక్కగట్టిన టిల్ట్ ఆ మేరకు తప్పుతుంది. ప్యానెల్ వీపు మీద డిజిటల్ టిల్ట్ మీటర్ ఆనించి కొలవండి, బ్రాకెట్ మీద చెక్కిన గీతలను నమ్మొద్దు.

దిక్సూచి విషయానికొస్తే, ఇనుప టవర్ మీద నిలబడి చూస్తే అది అబద్ధం చెబుతుంది. కిందికి దిగి, టవర్‌కు 20, 30 మీటర్ల దూరంలో, ప్యానెల్ మొహానికి ఎదురుగా లేదా సరిగ్గా వెనక నిలబడి కొలవండి. జేబులో ఫోన్, చేతికి గడియారం, పక్కన బైక్ ఉండకూడదు. మన రాష్ట్రాల్లో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా డిగ్రీ అటూ ఇటూ మాత్రమే కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

కనెక్టర్లను టార్క్ రెంచ్‌తో బిగించండి. పాత పెద్ద 7/16 డిన్ కనెక్టర్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, కొత్త 4.3-10 స్క్రూ రకానికి 5. ఒకదానికి వాడే బలం ఇంకోదానికి వాడితే దారం చెడుతుంది.

తర్వాత టేపు. పని అయిపోవచ్చిందనిపించే ఈ చోటే చాలామంది తొందరపడతారు. ముందు ఒక పొర పీవీసీ టేపు, దాని మీద సాగదీసి చుట్టిన బ్యూటిల్ టేపు, పైన మళ్లీ పీవీసీ. ఆఖరి పొరను కింద నుంచి పైకి చుట్టండి. ఇంటి పెంకులు పైది కిందిదాన్ని కప్పినట్టు ఉండాలి, అప్పుడే వాన నీళ్లు జారిపోతాయి. పై నుంచి కిందికి చుడితే ప్రతి అంచూ నీళ్లు పట్టే జేబు అవుతుంది. చివర్లో టేపును లాగి తెంపవద్దు, కత్తితో కోయండి. లాగిన కొస ఎండకు ముడుచుకుని నెలలోపే లేచిపోతుంది. జంపర్ కేబుల్ (ప్యానెల్‌ను రేడియోకు కలిపే పొట్టి కేబుల్) కనెక్టర్‌లోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటిచుక్క అక్కడి నుంచి నేల మీద పడాలి.

రేడియో యూనిట్ కూడా పైనే, ప్యానెల్ వెనకే పెట్టండి. 7/8 అంగుళాల ఫీడర్ (కింది నుంచి పైకి వెళ్లే పొడుగు కేబుల్) 1800 దగ్గర వంద మీటర్లకు 5.5 డీబీకి పైగా తినేస్తుంది. కింద రూములో యూనిట్ ఉంటే 40 మీటర్ల ఫీడర్‌లోనే 2 డీబీకి పైగా పోతుంది. పైన ఉంటే చిన్న జంపర్‌లో అర డీబీ.

ఆరో అడుగు: కొలతలు

వీఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగి వస్తోందో చూపే కొలత. అది 1.5 అంటే రిటర్న్ లాస్ 14 డీబీ, అంటే పంపిన పవర్‌లో 4 శాతం వెనక్కి వస్తోంది. చాలా చోట్ల దీన్నే హద్దుగా పెడతారు. కొత్త సైట్‌లో నేను 1.3 దాటితే కనెక్టర్ విప్పించి చూస్తాను.

వీఎస్‌డబ్ల్యూఆర్ బాగున్నా పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్) చెడిపోయి ఉండొచ్చు. రెండు బలమైన సిగ్నళ్లు తుప్పు పట్టిన బోల్టు లాంటి చోట కలిస్తే మూడో ఫ్రీక్వెన్సీ పుడుతుంది. 900 బ్యాండ్‌లో 935, 960 దగ్గర రెండు కేరియర్లు ఉన్నాయనుకోండి. 935ని రెట్టింపు చేసి 960 తీసేస్తే 910. అది సరిగ్గా మన అప్‌లింక్‌లో పడుతుంది. 20 వాట్ల రెండు టోన్లతో పరీక్షించినప్పుడు పిమ్ మైనస్ 107 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్) కంటే కింద ఉండాలి. కేబుళ్లన్నీ బాగున్నా అంకె తగ్గకపోతే ప్యానెల్ ముందున్న రేకుల షెడ్డు వైపు చూడండి. వదులైన రేకు మేకు కూడా పిమ్ పుట్టిస్తుంది. సర్వేలో దాన్ని రాసుకోమన్నది అందుకే.

మనుషులు ఉండే చోట ఎంత రేడియేషన్ పడుతుందో కూడా లెక్క కట్టాలి. భారత్ 2012లో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును హద్దుగా పెట్టుకుంది. 1800 దగ్గర అది చదరపు మీటరుకు 0.9 వాట్లు. మీ పని నాటికి అమల్లో ఉన్న టెలికం శాఖ ఆదేశాన్ని చూసి లెక్క వేయండి. పోర్టుకు 40 వాట్లు, అంటే 46 డీబీఎం. గెయిన్ 17 కలిపి, అర డీబీ నష్టం తీస్తే పోర్టుకు 62.5. రెండు పోర్టులకు కలిపి సుమారు 3.5 కిలోవాట్లు. ఈ లెక్కన బీమ్ నడిమధ్యలో ఎదురుగా 18 మీటర్ల లోపు ఎవరి బాల్కనీ ఉండకూడదు. అదే పోల్ మీద ఇతర బ్యాండ్‌లు ఉంటే అన్నిటినీ కలిపి లెక్కించాలి.

ఏడో అడుగు: టిల్ట్ మోటార్లను ఒక్కొక్కటిగా కదిలించి చూడటం

దీని వెనక నా అనుభవం ఉంది. కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో బీటా సెక్టార్ దూరంగా కొడుతోందని టిల్ట్ 2 నుంచి 8కి పెంచాం. స్క్రీన్ మీద 8 అని చూపించింది. బీటా మాత్రం ఎప్పటిలాగే దూరాన వినిపిస్తోంది. అదే రోజు నుంచి గామా వైపు ఉన్న బజారు వాళ్లు సిగ్నల్ లేదని ఫోన్లు. మూడు రోజులు పారామీటర్లలో వెతికాం. చివరికి సెల్స్ లాక్ చేసి రిగ్గర్‌ను ఎక్కించి, కింద నుంచి నేను ఫోన్ పట్టుకున్నాను.

"తమ్ముడూ, బీటా మోటార్ కదుపుతున్నా. ప్యానెల్ కింద స్కేల్ పుల్ల చూడు."

"ఇక్కడేం కదల్లేదు సార్." కాసేపాగి, "సార్, పక్కదాంట్లో పుల్ల లోపలికి పోతోంది" అన్నాడు.

బీటా, గామా కంట్రోల్ కేబుళ్లు తారుమారయ్యాయి. ఆ రోజు నుంచి ఏ సైట్ అప్పగించే ముందైనా ప్రతి మోటార్‌నూ రెండు డిగ్రీలు కదిలించి, పైన ఉన్న మనిషి చేత పుల్ల కదిలిందని చెప్పించుకున్నాకే సంతకం పెడుతున్నాను. మోటార్ సీరియల్ నంబర్‌నూ సెక్టార్ పేరునూ కలిపి ఫోటో తీసి పెట్టుకోండి. కేబుళ్లకు రెండు చివర్లా రంగు టేపు చుట్టండి, ఆల్ఫాకు ఎరుపు, బీటాకు పసుపు, గామాకు నీలం, ఏదైనా సరే. ఆ ఊళ్లో అన్ని సైట్లకూ ఒకే పద్ధతి ఉంటే చాలు.

ఎనిమిదో అడుగు: డ్రైవ్ టెస్ట్

సిగ్నల్ కొలిచే ఫోన్‌తో సైట్ చుట్టూ 200 మీటర్ల దూరంలో ఒక చుట్టు తిరగండి. ప్రతి సెక్టార్ ముందు దాని పీసీఐ (సెల్ గుర్తింపు అంకె) కనిపించాలి. ఆల్ఫా ముందు బీటా పీసీఐ వస్తే ఫీడర్లు తారుమారైనట్టే. ఒకే సెక్టార్‌లో రెండు పీసీఐలు సమాన బలంతో కనిపిస్తే రెండు పోర్టుల్లో ఒక్కటే మారిపోయి ఉండొచ్చు. కనిపెట్టడానికి కష్టమైంది ఇదే. 4జీలో మూడు సెక్టార్ల పీసీఐలను మూడుతో భాగిస్తే 0, 1, 2 శేషాలు వేర్వేరుగా ఉండేలా పెడతాం. కేబుల్ తారుమారైతే పొరుగు సైట్‌తో ఆ పొందిక కూడా చెడుతుంది.

తర్వాత బయటికి పోతూ సిగ్నల్ ఎక్కడ ఆగుతుందో చూడండి. మన ఉదాహరణలో 500 మీటర్ల దగ్గర పొరుగు సైట్ చేతిలోకి వెళ్లిపోవాలి. కిలోమీటరు దాటినా మన సెల్ బలంగా వినిపిస్తుంటే టిల్ట్ ఒక డిగ్రీ పెంచి మళ్లీ తిరగండి. ఒకేసారి మూడు సెక్టార్లూ మార్చొద్దు, ఏ మార్పు ఏం చేసిందో తెలియకుండా పోతుంది.

64 ట్రాన్స్‌మిటర్ల 5జీ యాంటెన్నా బీమ్‌ను తనే తిప్పుకుంటుంది కదా, ఇదంతా ఎందుకు అని కొందరు అడుగుతారు. అది పక్కలకు బాగా తిప్పుకుంటుంది. పైకీ కిందికీ తిప్పుకోవడానికి దానికీ హద్దులున్నాయి. ప్యానెల్ మొహం తప్పు చోట ఉంటే ఆ తెలివంతా తప్పు వీధి మీదే ఖర్చవుతుంది. కాబట్టి పోల్ నిటారు, అజిముత్, మెకానికల్ టిల్ట్ కొలతలు దానికీ మామూలుగానే తీసుకోండి.

అన్నీ సరిపోయాక ఎత్తు, అజిముత్, రెండు టిల్ట్‌లు విడివిడిగా, ప్యానెల్ మోడల్, మోటార్ నంబర్లు, 12 ఫోటోలు, తేదీ ఒకే చోట భద్రపరచండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినట్టు తుఫాను గానీ, వేసవి చివర్లో పెద్ద ఈదురుగాలి గానీ వచ్చిన వారంలోపు కింద నిలబడి దిక్సూచితో మూడు ప్యానెళ్లనూ మళ్లీ కొలిచి, ఆ షీట్‌లో అంకెలతో పోల్చండి. ఐదు డిగ్రీలు దాటి తేడా కనిపిస్తే ల్యాప్‌టాప్ మూసేసి రిగ్గర్‌కు ఫోన్ చేయండి.